తదితరులు

జిల్లా పేజీ తెరిస్తే పై మూల అదే ఫోటో. గునపం ఒకటి, దాని మీద చేతులు పదకొండు. తవ్వాల్సిన చోట ఎవరో పొద్దున్నే మట్టి గుల్ల చేసి, పసుపు కుంకుమ చల్లి, కొబ్బరి చిప్పలు పెట్టి వెళ్లారు కాబట్టి గునపానికి పెద్ద పనేమీ లేదు. అందరి చూపూ కెమెరా మీదే. నేల వైపు చూస్తున్నది గునపం ఒక్కటే.

చేతులకు ఒక క్రమం ఉంది. అన్నింటికన్నా పైన ఎమ్మెల్యేది, దాని కింద మేయరుది, ఆ కింద కార్పొరేటరుది. అక్కణ్ణుంచి పార్టీ పదవుల ప్రకారం దిగుతూ వస్తే అట్టడుగున ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి చేయి. మొత్తం గునపం బరువు మోస్తున్నది ఆయనొక్కడే. క్యాప్షన్‌లో ఇంటిపేర్లతో సహా తొమ్మిది పేర్లు. డివిజన్ అధ్యక్షుడి బావమరిది పేరు కూడా ఉంది, అచ్చుతప్పు లేకుండా. చివర ఒక మాట: ‘తదితరులు’.

ఈ తదితరులు గారి సేవలకు తగిన గుర్తింపు రావాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. నగరంలో ఆయన హాజరు కాని శంకుస్థాపన లేదు. ఫోటోలో కుడి చివర సగానికి తెగిన భుజం, ఒక లావుపాటి కడియం కనిపిస్తున్నాయే, అదే ఆయన. రోడ్డు వేసేది ఆయన. బిల్లు ఎత్తేది ఆయన. మొదటి వానకు కంకర పైకి తేలితే పట్టుకోవాల్సింది ఆయన్నే. ఇంతటి మనిషికి పేరు మీద ఇంత విరక్తి ఎలా కలిగిందో వేదాంతులు చెప్పాలి.

వార్త పుట్టుక కూడా ఆధ్యాత్మికమైనదే. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో కార్పొరేషన్ ప్రెస్‌నోట్ అవతరిస్తుంది. కంట్రిబ్యూటర్ దాన్ని డెస్కుకు పంపుతాడు. డెస్కు దానికి ‘శరవేగంగా అభివృద్ధి’ అని కిరీటం పెడుతుంది. అందులో నాయకుడు మొదటి వాక్యంలో ‘అన్నారు’, రెండో వాక్యంలో ‘తెలిపారు’, మూడో దాంట్లో ‘పేర్కొన్నారు’, కాస్త ఊపొస్తే ‘ఉద్ఘాటించారు’. తెలుగు వ్యాకరణంలో ‘అడిగారు’ అనే క్రియ కూడా ఉంది. స్థానిక వార్తల్లో దాని వాడకం పాతరాతి యుగంలోనే ఆగిపోయినట్టుంది.

కంట్రిబ్యూటర్‌ను తిట్టి లాభం లేదు. చాలాచోట్ల అతనికి జీతం ఉండదు, లైన్ల లెక్కన వచ్చే చిల్లర ఉంటుంది. దసరాకు, ఉగాదికి, జనవరి ఒకటికి, నాయకుడి పుట్టినరోజుకు తేవాల్సిన యాడ్ల టార్గెట్ మాత్రం ఉంటుంది. ఆ యాడ్లు ఇచ్చేదెవరు? సిమెంటు, కంకర, లేఅవుట్లు ఉన్నవాళ్లు. వార్తలో తదితరులుగా దాక్కున్న ఆ మహానుభావుడే పండగ నాటి అరపేజీ ప్రకటనలో రెండు చేతులూ జోడించి, పేరు, కంపెనీ, ఫోన్ నంబరుతో సహా రంగుల్లో వెలిగిపోతాడు. కాబట్టి ఆయన పేరు పత్రికలో రాదని ఎవరైనా అంటే అది దుష్ప్రచారమే.

ఆయన పేరు కనుక్కోవడం బ్రహ్మవిద్య కూడా కాదు. పని ఎవరికిచ్చారో, అంచనా కన్నా ఎన్ని శాతం లెస్‌కు కోట్ చేశారో అగ్రిమెంటులో ఉంటుంది. ఎంత పని జరిగిందో ఎం బుక్‌లో, అంటే ఇంజనీరు కొలతలు రాసే పుస్తకంలో ఉంటుంది. గల్లీలో 200 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం సీసీ రోడ్డు అనుకోండి. గుణిస్తే 150 ఘనపు మీటర్ల కాంక్రీటు. మిక్సర్ లారీకి ఆరు ఘనపు మీటర్లు పడుతుంది. అంటే 25 ట్రిప్పులు రావాలి. గల్లీ మొదట్లో టీ కొట్టు బల్ల మీద కూర్చుని లెక్కపెడితే 17 వచ్చి ఆగిపోయాయనుకోండి, రోడ్డు మందం దాదాపు 100 మిల్లీమీటర్లే. ఇంచుమించు మూడో వంతు ఎవరో మింగేశారు. దీనికి పరిశోధనాత్మక జర్నలిజం డిప్లొమా అక్కర్లేదు, రెండు టీలు చాలు. కానీ ఎం బుక్‌లో 150 అనే రాసి ఉంటుంది. ఆ అంకె పక్కన సంతకం చేసిన చేయి ఎవరిదంటే, గునపం అట్టడుగున పట్టుకున్న చేయే. బరువు ఆయన మీద ఎందుకు పడిందో ఇప్పుడు అర్థమైందా.

ఆ కాగితాలు ఎలా తేవాలి అని అడిగే అమాయకుల కోసం 2005లోనే సమాచార హక్కు చట్టం వచ్చింది. దరఖాస్తుకు పది రూపాయలు, కారణం చెప్పక్కర్లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే ‘మా రోడ్డు ఎందుకు పాడైంది?’ అని అడిగారో, ‘ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని మొదటి రోజే జవాబు రాసి చేతులు దులుపుకుంటారు. ఎందుకు, ఎలా అన్నవి అడగకూడదు. ఫలానా పని అగ్రిమెంటు, ఎం బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లుల నకళ్లు కావాలి అని కాగితం పేరు పెట్టి అడగాలి. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని కళ్లారా తనిఖీ చేయొచ్చు, వాడిన సామగ్రి శాంపిల్ కూడా అడగొచ్చు. అవును, రోడ్డు ముక్క అడగొచ్చు. జవాబివ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా. ఇంత ఆయుధం చేతిలో ఉంటే మన స్థానిక పేజీ ఏం చేస్తుందంటే, ఏటా అక్టోబరు 12న ‘సామాన్యుడి చేతిలో వజ్రాయుధం’ అని ఫీచర్ వేస్తుంది. వజ్రాయుధాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది.

కౌన్సిల్ సమావేశం రోజు చూడాలి వైభవం. ఒకాయన మైకు లాక్కుంటాడు, ఇంకొకాయన పేపర్లు చింపుతాడు, వీడియో వైరల్. ఆ రచ్చ మధ్యలో టేబుల్ అజెండాగా వచ్చిన అంశాలు గంపగుత్తగా పాసైపోతాయి. సభ్యులకే అప్పటికప్పుడు పంచిన కాగితం అది. అందులో ఏముందో మర్నాటి పేజీలో ఉండదు, చింపిన పేపర్ల ఫోటో ఉంటుంది. చింపింది ఏ పేపరో చూసినా ఒక వార్త వచ్చేది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లకు వార్డు కమిటీలు ఉండాలని 74వ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. మీ వార్డులో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఏ పేజీలో చదివారు?

చెరువుల సంగతి క్లుప్తంగా. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే గీత) నుంచి 30 మీటర్లు వదిలిపెట్టాలి. ఎఫ్‌టీఎల్ లోపలే లేచిన వెంచర్‌కు శనివారం ‘లేక్ వ్యూ’ అని ఫుల్ పేజీ ప్రకటన. వానాకాలంలో అదే పేజీలో ‘కాలనీలోకి చేరిన వరద’ అని వార్త. వరద కాలనీలోకి రాలేదు నాయనా, కాలనీయే చెరువులోకి వెళ్లింది.

పేర్లు రాయడానికి మొహమాటపడే ఈ పేజీకి ఒక్క సందర్భంలో మాత్రం ధైర్యం పొంగుకొస్తుంది. తోపుడుబండ్లను లాగేసిన రోజు. ‘ఆక్రమణలపై ఉక్కుపాదం’. అరటిపళ్ల బండి మీద ఉక్కుపాదం! 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ కదపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి. సరుకు తీసుకెళ్తే జాబితా రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. విలేకరి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘జాబితా ఏదీ?’ అడగడు. అరటిపళ్లు కార్పొరేషన్ షెడ్డులో మాగి, మచ్చలు పడి, మూడో రోజుకు ఈగలు ముసురుతాయి. ఆ బండి అమ్మ రోజువడ్డీకి తెచ్చిన డబ్బు అది. ఆమె పేజీకి ‘ఆక్రమణదారు’. చెరువు మింగినవాడు ‘ప్రముఖ బిల్డర్’.

ఇక మ్యాన్‌హోల్. ఇక్కడ వ్యంగ్యం రాయడం చేతకావడం లేదు.

‘ఊపిరాడక ఇద్దరు కార్మికుల మృతి’. సింగిల్ కాలమ్, నాలుగు అంగుళాలు. ‘ప్రమాదవశాత్తు’ అనే మాట తప్పకుండా ఉంటుంది. ఏది ప్రమాదం? మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా దించడాన్ని పాకీ పనిని నిషేధించే 2013 చట్టం నిషేధించింది. నేరుగా దించినా, ఇంకొకరి చేత దించినా, స్థానిక సంస్థ అయినా, దాని ఏజెన్సీ అయినా అందరికీ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. దించినవాడు ఉన్నాడు, దించమన్నవాడు ఉన్నాడు, ఆ వర్క్ ఆర్డర్ మీద సంతకం పెట్టినవాడు ఉన్నాడు. లోపల పోయినవాళ్లలో ఎక్కువమంది ఏ కులాలవాళ్లో పేజీ పెట్టేవాళ్లకీ తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. ఇంతమంది మనుషులున్న చోట ‘విషవాయువు’ ఒక్కటే హంతకుడెలా అయిందండీ?

ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసుల వెబ్‌సైట్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తెరిచి చూడటానికి ఐదు నిమిషాలు. అందులో 2013 చట్టం సెక్షన్లు పెట్టారా, లేక నిర్లక్ష్యం వల్ల మరణం అని ఒక్కటి పెట్టి సరిపుచ్చారా? అట్రాసిటీ చట్టం వర్తిస్తే పెట్టారా? కాంట్రాక్టరును నిందితుడిగా చూపారా, లేక ముందు వెళ్లి చచ్చిపోయిన మేస్త్రీనే చూపారా? ఇవి రాయరు. రాసేదేంటో తెలుసా? ‘బతుకుదెరువు కోసం వచ్చి... కానరాని లోకాలకు’. ఆ మూడు చుక్కలు పెట్టడానికి ఉన్న ఓపిక, ఒక్క పేరు రాయడానికి ఉండదు! వార్త మొత్తం వెతికినా ‘కాంట్రాక్టు ఏజెన్సీ నిర్వాహకులు తదితరులపై కేసు నమోదు’ అని ఉంటుంది. మళ్లీ ఆయనే. అదే భుజం, అదే కడియం.

మురుగు కాలువ మరణానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. అంతకుముందు పది. మొత్తం ఎంతిచ్చారు, ఎన్ని విడతల్లో, ఎవరి ఖాతా నుంచి అన్నది ఎవరూ వెతకరు గానీ, చెక్కు ఇచ్చిన రోజు ఫోటో మాత్రం పై మూలనే వస్తుంది. ఈసారి గునపం ఉండదు. చెక్కు ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు ఏడు. అందరూ కెమెరా వైపే. ఎడమ చివర తలమీద కొంగు వేసుకుని ఒకావిడ, ఆమె చూపు మాత్రం కిందికి. క్యాప్షన్‌లో ఎమ్మెల్యే, మేయర్, కమిషనర్, కార్పొరేటర్, డివిజన్ అధ్యక్షుడు, ఆయన బావమరిది. ఆవిడ పేరు కోసం చివరిదాకా చదివితే, తదితరులు.