పరిగెను కలుపు అన్నది ఎవరు?

చేపల పెంపకంలో చెరువు సిద్ధం చేయడం గురించి చెప్పే పాఠంలో తొలి మెట్టు కలుపు చేపల్ని, అంటే పెంపకానికి అక్కర్లేదనుకునే చేపల్ని, చంపడం. హెక్టారుకు 2,500 కిలోల ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీయగా మిగిలే పిండి) నానబెట్టి నీళ్లలో చల్లితే కాసేపటికే వేలెడంత పరిగెలు, జెల్లలు, కొర్రమీను పిల్లలు పొట్టలు పైకి తేలేసి గట్టుకు కొట్టుకొస్తాయి. విషం విరిగాక, కొని తెచ్చిన బొచ్చె (కట్ల), రవ్వ (రోహు) లాంటి పెద్ద రకాల చేప పిల్లల్ని వదులుతారు. పైనీళ్లలో బొచ్చె మేస్తుంది, నడిమి నీళ్లలో రవ్వ, అడుగున మెరిగ. లెక్క బాగానే ఉంటుంది. కానీ ఆ ఊళ్లో కూలికి పోయే ఇంటి పొయ్యి మీద ఇన్నాళ్లూ ఉడికింది కలుపని చంపేసిన ఆ పరిగెలే.

చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. తెలంగాణ 2016 నుంచి ఉచితంగా చేప పిల్లల్ని చెరువుల్లో వదులుతోంది. ఇవి అందరికీ తెలిసినవే. ఎన్ని టన్నులు పట్టామన్నది ప్రతి సభలోనూ చెబుతారు. ఎవరు తిన్నారన్నది ఎవరూ అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రలో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇన్ని చేపలు పండే నేల మీద ఇంతమంది పిల్లలకు నెత్తురు లేదంటే, మనం పండిస్తున్నది మన కోసం కాదనే అర్థం.

కైకలూరు, ఆకివీడు వైపు తెల్లవారుజామున వెళ్తే ఐసు పొరల మధ్య పేర్చిన చేపల ట్రేలు లారీలకెక్కుతుంటాయి. అవి హావ్‌డా దారి పడతాయి. చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య అమెరికాకు పోతుంది. ఆ రొయ్య మేతలో కలిసే చేపపొడి కోసం కవళ్ల లాంటి చవక చేపల్ని మర పట్టిస్తున్నారు. పేదవాడు పులుసు పెట్టుకోవాల్సిన చేప పొడై, రొయ్యకు మేతై, ఓడెక్కి పోతోంది. దీన్ని ఆహార భద్రత అనడానికి నాకు నోరు రాదు.

రొయ్య వల్ల లక్షల కుటుంబాలు బతుకుతున్నాయి, చేతిలో డబ్బుంటే గుడ్డో మాంసమో కొనుక్కుంటారు కదా అంటారు. ఆ ఆదాయాన్ని నేనేమీ కొట్టిపారేయను. కానీ 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు తగిలి కోస్తాలో రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే చెరువు గట్ల మీద గుబులు పుట్టింది. పైగా ఉప్పు దిగిన నేలలో మళ్లీ వరి పండించడం కష్టం, ఊరి బావి నీళ్లు గొంతు దిగవు. ఎక్కడో ఒకరు చేసిన సంతకంతో తలకిందులయ్యే తిండిని భద్రత అనుకోలేం.

దారి చూపేది మనం కలుపన్న చేపే. బంగ్లాదేశ్‌లో మోల అనే వేలెడంత చేప ఉంది, మన పరిగెలాగే తల, ముల్లుతో సహా తినేది. వంద గ్రాముల మోలలో 2,000 మైక్రోగ్రాములకు పైగా విటమిన్ ఎ ఉంటుంది. మూడేళ్ల పిల్లకు రోజుకు కావలసింది 400 దరిదాపుల్లో. అదే రవ్వ ముక్కలో ఈ విటమిన్ నామమాత్రం. చిన్న చేపల కంట్లో, పొట్టలో ఉండే ఈ బలాన్ని బయటపెట్టిన శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. అక్కడి రైతులు చెరువులో విషం చల్లడం మానేసి, బొచ్చె, రవ్వలతో పాటే మోలనూ పెంచారు. పెద్ద చేపల దిగుబడి పెద్దగా తగ్గలేదు. మోల చెరువులోనే గుడ్లు పెడుతుంది కాబట్టి ఏటా చేప పిల్లల్ని కొనే పని లేదు. పెద్దది సంతకు, చిన్నది ఇంటికి. ఇంత తేలికైన పని మన ప్రభుత్వాలకు ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు.

మా ఊరి చెరువులో చేపలు పట్టిన రోజు చూశాను. మోటార్లు పెట్టి నీళ్లన్నీ తోడేశారు. కాంటా దగ్గర కాంట్రాక్టరు మనిషి, పక్కన లారీ. వల దులిపాక బురదలో మిగిలిన పరిగెల కోసం నలుగురు ఆడవాళ్లు మోకాళ్ల లోతులో దిగి, దొరికినవి కొంగులో వేసుకుంటుంటే కాపలావాడు అదిలించాడు. కాగితం మీద ఆ చెరువు ఊరి మత్స్యకారుల సొసైటీది. పెట్టుబడి పెట్టిన వ్యాపారి మాటే అక్కడ చెల్లింది.

అసలు గొడవ ఇదే. చెరువు ఊరుమ్మడి సొత్తన్న మాట మనం మరిచిపోయాం. తెలంగాణలో చెరువుల మరమ్మతుకు పెట్టిన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, కట్ట పోశారు, తూము బాగుచేశారు. ఆ నీళ్ల మీద హక్కెవరిదన్నది మాత్రం తేల్చలేదు. నీళ్లు వేలం పాటకు వెళితే చేప కూడా వెంటే పోతుంది. ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తలు తరతరాలుగా ఆ చెరువును కాపాడింది అప్పిచ్చిన వ్యాపారికి వలలు లాగి పెట్టడానికి కాదు. చేప పిల్లల్ని కొనే డబ్బు సొసైటీ చేతికే ఇవ్వాలి. వానలు వెనకపట్టాక కాదు, చెరువు నిండేటప్పుడే ఇవ్వాలి. చేప పడితే ఊరికింత వాటా అని గ్రామసభలో రాసుకోవాలి. ఎండాకాలంలో చెరువు నడిమి మడుగును ఎవరూ తోడకూడదు. అందులో బతికిన పరిగెలే తొలకరికి మళ్లీ చెరువంతా అవుతాయి. వాటిని ఎండబెట్టి దంచిన పొడి, అంగన్‌వాడీ పప్పులో రోజుకొక చెంచా చొప్పున కలవాలి. ఆ పొడిని సొసైటీ ఆడవాళ్ల దగ్గరే కొనాలి.