సీడీ నుంచి మినీడిస్క్‌కు: ‘ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే’ అన్న మాట ఎందుకు నిలవదు

మినీడిస్క్ (సోనీ తెచ్చిన, పాటలు రాసుకునే చిన్న డిస్కు) మీద మళ్లీ మనసు పడినవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. సీడీలోని పాటలను నెట్ ఎండీ పరికరానికి, అంటే యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిసే మినీడిస్క్ పరికరానికి, ఎక్కించడానికి సోనీ వారి పాత సోనిక్‌స్టేజ్ తప్ప వేరే దారి లేదని, ఉన్నా యూఎస్‌బీ ద్వారా వెళ్లేది డిజిటల్ సమాచారమే గనుక ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఫలితం ఒకటేనని, ఎస్‌పీ (మినీడిస్క్ మామూలు రికార్డింగు స్థాయి) అని ఎంచుకుంటే సీడీ నాణ్యత యథాతథంగా వస్తుందని, కావాలంటే పాటలను తర్వాత వెనక్కి తీసుకోవచ్చు గనుక సీడీలను దాచుకోనక్కరలేదని ఆ సలహా సారాంశం. దీన్ని నమ్మి సీడీలను వదులుకునేవాళ్లు ఉంటారన్న ఆందోళనతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా నాణ్యత సంగతి. సీడీలో ఒక సెకను సంగీతానికి దాదాపు 1,411 కిలోబిట్లు ఖర్చవుతాయి. 1992లో మినీడిస్క్‌తో పాటు వచ్చిన ఎట్రాక్ కుదింపు పద్ధతిలో ఎస్‌పీకి అవే 292 కిలోబిట్లు, డిస్కులో ఎక్కువ సేపు పట్టించడానికి 2000లో వచ్చిన ఎల్‌పీ2కు 132, ఎల్‌పీ4కు 66. అంటే ఎస్‌పీలో కూడా సీడీ సమాచారం ఐదో వంతుకు కుదించుకుపోతుంది. ఒక్క హై-ఎండీ (తర్వాతి తరం మినీడిస్క్) పరికరాలు మాత్రమే కుదింపు లేకుండా పీసీఎం రూపంలో రాసుకోగలవు. కుదింపు తప్పదు గనుక, దాన్ని ఎవరు చేస్తున్నారు, ఎన్నిసార్లు చేస్తున్నారు అన్నదే మనం అడగవలసిన ప్రశ్న. సాఫ్ట్‌వేర్ల మధ్య తేడా అంతా అక్కడే ఉంది.

సోనిక్‌స్టేజ్‌లో ఎస్‌పీ ఎంచుకున్నప్పుడు పాట నేరుగా ఎస్‌పీగా తయారవదు. ముందు కంప్యూటర్‌లోనే ఎల్‌పీ2 స్థాయికి కుదించుకుపోయి, ఆ తర్వాత ఎస్‌పీ రూపంలోకి మారుతుంది. డిస్కు మీద ఎస్‌పీకి పట్టేంత చోటూ పడుతుంది, వినిపించేది మాత్రం ఎల్‌పీ2కు మించదు. మొదటి కుదింపులో పోయిన సమాచారాన్ని రెండో మార్పిడి తిరిగి తేలేదు. బ్రౌజర్‌లో నడిచే వెబ్ మినీడిస్క్ ప్రో ఇందుకు భిన్నంగా పీసీఎంను అలాగే పరికరానికి పంపి, కుదింపు పనిని పరికరంలోని చిప్‌కే వదిలేస్తుంది. అది నిజమైన ఎస్‌పీ. వేగం పాట వినే వేగానికి ఒకటిన్నర రెట్లకు కాస్త అటూఇటూగానే ఉంటుంది కాబట్టి గంట సీడీకి 40 నిమిషాలు వేచి ఉండాలి, అయినా ఆ ఓపికకు ఫలితం ఉంది.

అలాగని పాత సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. ఎల్‌పీ2, ఎల్‌పీ4లకు కుదింపు కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఆ పనిలో సోనీ సొంత ఎన్‌కోడర్‌ది (కుదించే ప్రోగ్రామ్‌ది) ఇప్పటికీ పైచేయి. వెబ్ మినీడిస్క్ మామూలుగా వాడే ఉచిత ఎన్‌కోడర్ ఇంకా అంత పరిణతి సాధించలేదు. ప్రో రూపంలో మాత్రం సోనీ ఎన్‌కోడర్ నడిచే సర్వర్‌ను అనుసంధానం చేసుకునే వీలుంది. కాబట్టి ‘ఏదైనా ఒకటే’ అన్న మాట ఎస్‌పీ విషయంలో ఒక వైపు నుంచి, ఎల్‌పీ విషయంలో మరో వైపు నుంచి తప్పవుతోంది.

కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, ఈ సలహాలో దాని ప్రస్తావనే లేదు. కచేరీ సీడీలో ఆలాపన ఒక ట్రాక్‌గా, కృతి మరో ట్రాక్‌గా ఉన్నా వెనక తంబూర శ్రుతి తెగకుండా సాగుతూనే ఉంటుంది. ఎట్రాక్ సంగీతాన్ని ముక్కలుగా తీసుకుంటుంది: ఎస్‌పీలో ఒక్కో ముక్క 11.6 మిల్లీసెకన్లు, ఎల్‌పీ2లో 23.2. ప్రతి ట్రాక్‌ను విడి ఫైలుగా పంపినప్పుడు చివరి ముక్కలో మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపవలసి వస్తుంది. నేను ఒక వయొలిన్ కచేరీని ఇలా ఎక్కించి హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు, ఆలాపన ముగిసి కృతి మొదలయ్యే చోట శ్రుతి ఒక్క క్షణం తెగి మళ్లీ అందుకోవడం స్పష్టంగా తెలిసింది. అలాంటి సీడీలకు నేను ఏ సాఫ్ట్‌వేర్‌నూ వాడను. సీడీ ప్లేయర్ ఆప్టికల్ అవుట్ నుంచి మినీడిస్క్ డెక్‌కు నేరుగా రికార్డు చేస్తాను. ధార ఆగకుండా వస్తుంది గనుక ట్రాక్ గుర్తు పడినా శ్రుతి తెగదు. 74 నిమిషాల సీడీకి 74 నిమిషాలూ పడుతుంది, పేర్లు మళ్లీ చేత్తో కొట్టుకోవాలి.

‘డిజిటలే కదా’ అన్న వాదనలో బయటికి కనబడని పొరపాటు సీడీని చదివే దశలో ఉంది. గీత పడిన చోట డ్రైవ్ తప్పును సరిదిద్దుకోలేకపోతే అటూ ఇటూ ఉన్న విలువలను బట్టి ఊహించి పూరిస్తుంది, ఆ సంగతి మామూలు సాఫ్ట్‌వేర్ మనకు చెప్పదు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వంటి సీడీ చదివే సాఫ్ట్‌వేర్లు అనుమానం ఉన్న చోటును పదేపదే చదివి, యాక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఇతరుల ఫలితాలతో పోల్చి చూస్తాయి. మన పాత తెలుగు సీడీ ఆ జాబితాలో దొరకకపోతే ఎగ్జాక్ట్ ఆడియో కాపీలోని టెస్ట్ అండ్ కాపీతో రెండుసార్లు చదివించి, రెండు చెక్‌సమ్‌లూ (ఫైలును సరిచూసే సంఖ్యలు) ఒకటేనా అని చూసుకోవచ్చు. అందుకే ముందు నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా భద్రపరచుకుని, వాటి నుంచి డిస్కుకు పంపడం మేలు.

సోనిక్‌స్టేజ్ తప్ప వేరే దారి లేదన్న మాటకు కాలం చెల్లింది. వెబ్ మినీడిస్క్ క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలోనే నడుస్తుంది, కంప్యూటర్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేరే కావాలంటే ప్లాటినమ్-ఎండీ ఉంది. విండోస్‌లో ముందుగా జాడిగ్ అనే సాధనంతో డ్రైవర్ మార్చుకోవలసి రావచ్చు. పేర్ల విషయంలో మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఒక పరిమితి తప్పదు. మామూలు మినీడిస్క్‌లో ఆంగ్ల అక్షరాలకు, జపాన్ లిపులకు తప్ప తెలుగు లిపికి చోటు లేదు. డిస్కు మొత్తానికి పేర్లన్నీ కలిపి సుమారు 1,700 అక్షరాలే పడతాయి. రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు అన్నీ ఆంగ్ల లిపిలో రాయాలనుకునేవాళ్లు ముందే లెక్క చూసుకోవాలి.

ఇక పాటలను వెనక్కి తీసుకోవడం. పాత డిస్కులలోని రికార్డింగులను కంప్యూటర్‌కు డిజిటల్‌గా పంపే వీలు కల్పించి సోనీ అమ్మిన వాక్‌మన్ 2006 నాటి ఎంజెడ్-ఆర్‌హెచ్1 ఒక్కటే. ఇప్పుడు వెబ్ మినీడిస్క్ ప్రో సాయంతో మరికొన్ని సోనీ నెట్ ఎండీ వాక్‌మన్‌ల నుంచి కూడా అది సాధ్యమవుతోంది. కానీ అలా వెనక్కి వచ్చేది ఎట్రాక్ డేటా, ఐదో వంతుకు కుదించిన సంగీతమే. పైగా 2025 ఫిబ్రవరిలో సోనీ ఖాళీ మినీడిస్క్‌ల తయారీని కూడా ఆపేసింది. సీడీనో, సరిచూసుకున్న ఫ్లాక్ ఫైళ్లనో దగ్గర ఉంచుకోకుండా డిస్కు మీద మాత్రమే ఆధారపడినవాళ్లకు, ఆ డిస్కు చెడిన రోజున ఏ సాఫ్ట్‌వేరూ అసలు సీడీని తిరిగి ఇవ్వలేదు.