కామన్ జార్ గారికి, నల్లగొండ ఐటీ టవర్ నుంచి

అన్ని ప్రాజెక్టులూ ఉమ్మడిగా వాడుకునే జావా కోడ్ మూట అయిన మహారాజశ్రీ కామన్ జార్ గారికి, నల్లగొండ ఐటీ టవర్‌లో మిమ్మల్ని నమ్ముకుని బతుకుతున్న ఒక డెవలపర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీరు కుశలమేనని తెలుసు. ఇటువైపు బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా కట్టే పని) మాత్రం ఎర్రగా ఉంది, అంటే విరిగింది.

మీరు పుట్టినప్పుడు మీలో ఉన్నవి మూడే పనులు: తేదీ చూపించడం, అంకెలను అక్షరాల్లో రాయడం, క్వింటాళ్ల లెక్కను రౌండ్ చేయడం. మిర్యాలగూడ రైస్ మిల్లుల సాఫ్ట్‌వేర్‌కూ, బత్తాయి కమీషన్ ఏజెంట్ల ఖాతాలకూ, ఓ ప్రైవేటు దవాఖానా టోకెన్లకూ ఇవి కావాలి గదా, ఒకచోట పెట్టుకుని అందరం వాడుకుందాం అనుకున్నాం. ఇప్పుడు మీ కడుపులో ఎస్సెమ్మెస్ పంపేది ఉంది, పీడీఎఫ్ తయారుచేసేది ఉంది, ఎక్సెల్ చదివేది ఉంది. దవాఖానాలో టోకెన్ మీద తేదీ వేయడానికి మిమ్మల్ని పిలిస్తే, ఎక్సెల్ లైబ్రరీ, దానికి కావలసిన ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలు అన్నీ మీ వెంటే దిగుతాయి. ఆ దవాఖానాలో ఎక్సెల్ ఫైల్ తెరిచినవాడు లేడు.

మీ వెర్షన్ 1.0-స్నాప్‌షాట్, అంటే ఇంకా ఖరారు కానిది. ఏళ్లుగా అదే. స్నాప్‌షాట్ అయితే సర్వర్‌లో కొత్తది వచ్చిందా అని, లైబ్రరీలను తెచ్చి బిల్డ్ చేసే మేవెన్ మామూలుగా రోజుకు ఒకసారే చూస్తుంది. అందుకని పొద్దున్నే బిల్డ్ కొట్టినవాడి డాట్ ఎం2 ఫోల్డర్‌లో (మేవెన్ తెచ్చినవి దాచుకునే చోట) ఒక మీరు ఉంటారు, అన్నం తిని వచ్చి కొట్టినవాడి దగ్గర ఇంకో మీరు. పేరు అదే, నంబరు అదే, లోపలి సరుకు వేరు. "అన్నా, నా దగ్గర మంచిగనే నడుస్తుంది గదా" అంటాడు పక్క సీటు తమ్ముడు. పాపం, అబద్ధమేమీ కాదు.

మొన్న యాసంగి కోతలప్పుడు ఏం చేశారో గుర్తుందా? బత్తాయి టీమ్‌కు కమీషన్‌లో పైసల తేడా వస్తోందని మీలోని రౌండింగ్ మెథడ్‌కు (ఒక పని చేసే కోడ్ ముక్కకు) ఇంకో పారామీటర్ (దానికి అందించాల్సిన విలువ) తగిలించారు, పాత మెథడ్‌ను తీసేశారు. వాళ్ల ప్రాజెక్టు చక్కగా కంపైల్ (యంత్రానికి అర్థమయ్యేలా తర్జుమా) అయింది. మిల్లు ప్రాజెక్టు కూడా అయింది, ఎందుకంటే అది ఆ మెథడ్‌ను నేరుగా పిలవదు. పిలిచేది మా రిపోర్టుల లైబ్రరీ. అది పాత మిమ్మల్ని చూసి ఎప్పుడో కంపైలై, జార్‌గా మూలన పడి ఉంది. జావాలో ఇలాంటి తేడా కంపైలర్ కంట పడదు. కాంటా మీద లారీ ఎక్కి, తూకం చీటీ ప్రింట్ కొట్టినప్పుడు బయటపడుతుంది: నో సచ్ మెథడ్ ఎర్రర్, అంటే పిలిచిన మెథడ్ లేదని. మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, నిన్న మంచిగనే ఉండె. లారీల లైన్ రోడ్డు మీదికొచ్చింది. ఏం ముట్టుకున్నరు?" మిల్లు కోడ్‌లో ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. ఆ మాట చెబితే నమ్ముతాడా? తేమ 17 శాతం దాటిన ధాన్యానికి ఏం చెప్పాలో ఆయనకు తెలుసు, పారామీటర్ తక్కువైన చీటీకి ఏం చెప్పాలో తెలియదు.

మా దిక్కు అన్నదమ్ముల ఉమ్మడి బావికి కూడా ఒక కట్టుబాటు ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడు, మోటారు కాలితే ఎవరెంత వేసుకోవాలి అన్నది పెద్దమనుషుల ముందే తేలుతుంది. మీ దగ్గర నీళ్లు అందరివీ, కాలిన మోటారు మాత్రం ఆ రోజు ఫోన్ ఎత్తినవాడిది.

పోనీ నంబర్లు ఇద్దామని చూశాం. మిల్లు ప్రాజెక్టు మీ 1.1 అడిగింది, రిపోర్టుల లైబ్రరీ 1.2 అడిగింది. ప్రోగ్రామ్ తనకు కావలసిన కోడ్ వెతుక్కునే క్లాస్‌పాత్‌లో ఒక్కరికే చోటు. మేవెన్ డిపెండెన్సీ చెట్టులో (ఎవరికి ఎవరు కావాలో చూపేది) దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది కాబట్టి 1.1 గెలిచింది. దవాఖానా వాళ్లది గ్రేడిల్, మేవెన్ లాంటిదే. అది ఇలాంటి తగాదాలో పెద్ద నంబరునే తీసుకుంటుంది. ఒకే తగాదాకు రెండు తీర్పులు! మేవెన్ ప్రాజెక్టులకు పెద్ద దిక్కైన సెట్టింగుల ఫైలు పేరెంట్ పోమ్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ అని ఒక సెక్షన్ ఉంది, అక్కడ నంబరు ఒక్కచోట రాస్తే మేవెన్ ప్రాజెక్టులన్నీ దాన్నే పాటిస్తాయి. రాయాల్సింది ఎవరో తేల్చడానికి మీటింగ్ పెట్టారు, మధ్యలో కరెంటు పోయింది.

మీ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలో (ప్రోగ్రామ్ చిట్టా రాసే జావా లైబ్రరీ) భద్రతా లోపం బయటపడినప్పుడు 2.15, అది చాలక 2.16, ఆపైన 2.17, 2.17.1 అన్నీ ఆ నెలలోనే వచ్చాయి. వెర్షన్ ఒకచోట రాసుకున్నవాళ్లు ప్రతిసారీ ఒక లైను మార్చి మళ్లీ బిల్డ్ కొట్టారు. మిగతావాళ్లు జార్ల లోపలి జార్లలో వెతుక్కున్నారు. ఉమ్మడి మంచిదే, కాదనను. అయితే ప్రతిదీ ఉమ్మడి కావాలా? 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల జావాస్క్రిప్ట్ ముక్కను రాసినాయన జావాస్క్రిప్ట్ లైబ్రరీల కొట్టు ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులూ ఆగిపోయాయి. మీరు తేదీ చూపించే ఫంక్షన్ అంతకన్నా చిన్నది. దాన్ని ఏ ప్రాజెక్టుకు ఆ ప్రాజెక్టు రాసుకుంటే కొంపలేమీ మునగవు. ఎస్సెమ్మెస్, ఎక్సెల్ వేరు కాపురాలు పెట్టుకోవాలి. మీ దగ్గర క్వింటాళ్ల లెక్క ఉంటే చాలు.

ఆ లెక్కలో ఏ మెథడ్‌నైనా తీసేయాలనుకుంటే ముందు డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అని రాసి కొన్నాళ్లు ఉండనివ్వండి. తీసేసిన రోజు వెర్షన్‌లో మొదటి అంకె మార్చండి. అది కుదరదంటే నాలుగు ప్రాజెక్టులూ మీరూ ఒకే రిపోజిటరీలోకి (కోడ్ దాచే గూటిలోకి) వచ్చేయండి. మెథడ్ మార్చినవాడికే మిగతావాళ్ల బిల్డ్ విరగడం కనిపిస్తుంది, సరిచేసి ఇంటికి పోతాడు. మా సైజు టీమ్‌కు నాకైతే ఇదే మేలనిపిస్తుంది.

ఇట్లు,
తమపై ఆధారపడిన ఒక డెవలపర్

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగానే మీలోకి క్యూఆర్ కోడ్ క్లాస్ ఒకటి వచ్చి చేరింది. ఏ ప్రాజెక్టు అడిగిందో ఎవరూ చెప్పడం లేదు. మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్‌లో "మైనర్ చేంజెస్" అని ఉంది.