హాస్టల్ గదిలో పికాసో

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓబర్లిన్ ఒక చిన్న ఊరు. అక్కడి కళాశాల విద్యార్థులు సెమిస్టర్ మొదట్లో ఒక రాత్రి మ్యూజియం బయట గుడారాలు వేసుకుని పడుకుంటారు. తెల్లవారాక వరుసలో ముందున్నవారికి కోరుకున్న చిత్రం దక్కుతుంది. అద్దె ఐదు డాలర్లు. పికాసో, డాలీ వంటి పేరుమోసిన చిత్రకారుల అసలు కృతిని జాగ్రత్తగా గదికి తీసుకువెళ్లి, మంచానికి ఎదురుగా గోడకు తగిలించుకుని, సెమిస్టర్ అయ్యేదాకా దానితో కలిసి బతకవచ్చు. తరువాతి కాలంలో అక్కడే ఆధునిక కళను బోధించిన ఎలెన్ జాన్సన్ చొరవతో 1940లో మొదలైన ఏర్పాటు ఇది. నేటికీ సాగుతోంది.

కళాశాల మ్యూజియం ఏడాది చివర సాధారణంగా రెండు లెక్కలు చెబుతుంది: ఎన్ని ప్రదర్శనలు పెట్టాం, సేకరణలో కొత్తగా ఎన్ని కృతులు చేరాయి. రెండూ అవసరమే. ఆ కృతుల ఎదుట విద్యార్థి ఎంతసేపు నిలబడ్డాడు, ఎన్నిసార్లు తిరిగి వచ్చాడు అన్న మూడో లెక్కను మేము వాటికన్నా ముందు అడుగుతాం. పరీక్షలో చూపించే స్లైడులో రంగు తెలుస్తుంది. కుంచె ఎక్కడ ఆగిందో, రంగు ఎంత మందంగా పడిందో తెలియదు. దానికి అసలు కృతే కావాలి.

ఓబర్లిన్‌లోని ఆలెన్ మ్యూజియం 1917లో తలుపులు తెరిచింది. దాని సేకరణ పెరిగిన తీరు గమనించదగ్గది. 1889లో అక్కడ పట్టా పుచ్చుకున్న మేరీ ఐన్స్‌వర్త్ జపాన్ వెళ్లి కొయ్య అచ్చుచిత్రాల మీద మనసు పారేసుకున్నారు. జీవితమంతా ఏరి కూర్చిన 1,500కు పైగా చిత్రాలు ఆమె వీలునామా ద్వారా 1950లో కళాశాలకు చేరాయి. ఒక పూర్వ విద్యార్థిని ఇష్టం తరతరాల విద్యార్థులకు పాఠమైంది. ఆమెను మేము దాతగా మాత్రమే చూడలేం. తరగతిలో అడుగుపెట్టకుండానే బోధించిన గురువు ఆమె.

అయితే సేకరణ విలువ పెరిగే కొద్దీ దాని మీద పడే చూపు కూడా మారుతుంది. వర్జీనియాలోని ఒక మహిళా కళాశాల విద్యార్థినులు, ఊరివారితో కలిసి, 1920లో 2,500 డాలర్లు పోగుచేసి అమెరికన్ చిత్రకారుడు జార్జ్ బెలోస్ గీసిన రేవు కూలీల చిత్రాన్ని కొన్నారు. ఆ కళాశాలే ఇప్పుడు రాండాల్ఫ్ కళాశాల. నిధుల కోసం 2014లో ఆ చిత్రాన్ని లండన్ నేషనల్ గ్యాలరీకి 2.55 కోట్ల డాలర్లకు అమ్మేసింది. అమెరికా మ్యూజియం డైరెక్టర్ల సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ సంఘం చేసింది సరైనదేనని మా అభిప్రాయం. విద్యార్థినులు చందాలు వేసుకుని తెచ్చిన చిత్రాన్ని ఆస్తుల పట్టికలో ఒక అంకెగా చూడటం తప్పు. అమెరికాలోనే బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2009లో తన రోజ్ మ్యూజియాన్ని మూసి సేకరణను అమ్ముతామని ప్రకటించినప్పుడు విద్యార్థులు, దాతలు ఎదురు తిరిగారు. వ్యాజ్యం నడిచి, 2011లో రాజీ కుదిరి, మ్యూజియం నిలిచింది. అడిగేవాళ్లు ఉన్నచోటే సేకరణ మిగులుతుంది.

ఈ కథ మనకు దూరపుది కాదు. రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేయి పట్టుకుని చిత్రకళలోకి నడిచినవారే. 1916లో రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరడం వెనుక ఉన్నదీ ఆయన ప్రోత్సాహమే. 1925లో, 28 ఏళ్లు నిండకముందే రామారావు కన్నుమూశారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం వంటివారు కాపాడబట్టి ఆ చిత్రాలు రాజమహేంద్రవరం గ్యాలరీలో ఈ రోజు చూడగలుగుతున్నాం. ఆత్మీయులు పూనుకోకపోతే ఆ రంగుల గతి ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె కలుక్కుమంటుంది.

అందుకే తెలుగు రాష్ట్రాల లలిత కళల విభాగాలను మేము ఒకటే అడుగుతున్నాం. చివరి సంవత్సరం విద్యార్థుల ప్రదర్శన పెట్టిన ప్రతిసారీ అందులోంచి ఐదు కృతులనైనా, న్యాయమైన వెల చెల్లించి, కళాశాల సొంతం చేసుకోండి. చిత్రకారుడి పేరు, ఏడాది, కొలత, మాధ్యమం రాసిన రిజిస్టరు ఒకటి పెట్టండి. చెదలు, చెమ్మ, నేరుగా పడే ఎండ సోకని గది ఒకటి కేటాయించండి. గోదావరి, కృష్ణా తీరాల చెమ్మలో కాగితం మీద వేసిన చిత్రం ఎంత త్వరగా మచ్చలు పడుతుందో అక్కడి చిత్రకారులకు చెప్పనక్కరలేదు. చుట్టుపక్కల చేసే చేర్యాల నకాషీ పటాలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు, పెడన కలంకారీ అచ్చులు కూడా ఆ గదిలోకి రావాలి. అవి చేసినవారి పేర్లతో సహా రావాలి.

ఇందుకు పాలరాతి భవనం అక్కరలేదు. ప్రభుత్వాలు ఒక్కో విభాగానికి ఏటా కొంత మొత్తం కేటాయించి, దాన్ని మరో పనికి మళ్లించకుండా ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ గది తాళంచెవి ఒక అధ్యాపకుడితోపాటు ఒక విద్యార్థి చేతిలోనూ ఉండాలి.