ఎర్ర గరుత్మంతుడికి ఒక అతిథి అల్లుడి లేఖ

గౌరవనీయులైన చనోట్ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమేనని తలుస్తాను. అక్కడ అంటే మరీ దూరమేం కాదు. నా మంచానికి నాలుగడుగుల అవతల, బీరువా పై అరలో, మా ఆవిడ పట్టు ఫాసిన్‌ల (లుంగీల్లాంటి థాయ్ పావడాల) కింద ప్లాస్టిక్ కవర్లో పడుకుని ఉన్నారు. బీరువా తాళం ఆవిడ దగ్గర ఉంటుంది. అందుకే ఎదురుగా కూర్చుని మాట్లాడే యోగం లేక ఉత్తరం రాస్తున్నాను.

మిమ్మల్ని ఎరగని మా తెలుగువాళ్ళ కోసం ఒక ముక్క. థాయ్‌లాండ్‌లో భూమికి పక్కా పట్టా మీరే. నెత్తిన ఎర్ర గరుడ ముద్ర ఉంటుంది. ఆకుపచ్చ గరుడుడున్న కాగితం మీకంటే ఒక మెట్టు కింద, నల్ల గరుడుడున్నది ఇంకో మెట్టు కింద. ల్యాండ్ ఆఫీసులో మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు నాకు తెలియకుండానే చేతులు జోడించాను. గరుత్మంతుడితో మాకు ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి దగ్గర చిన్నప్పటి నుంచి పరిచయం కదా. కౌంటర్లో ఉన్నావిడ తనకే దండం పెట్టాననుకుని తిరిగి దండం పెట్టింది. విష్ణుమూర్తిని మోసిన వీపు మీద నాకు ఎంత చోటు దొరుకుతుందో అప్పటికింకా తెలియదు.

మా ఇల్లు ఉదోన్ థానీ దగ్గర ఒక పల్లెలో ఉంది. ఉదోన్ అంటే ఉత్తరం, థానీ అంటే మన ధాని. ఈ ప్రాంతమంతటినీ ఈసాన్ అంటారు, అదీ మన ఈశాన్యమే. ఈ సంగతి తెలియక మా అమ్మ వీడియో కాల్‌లో, "ఈశాన్యంలో బరువు పెట్టకు నాయనా" అంది. "అమ్మా, ఊరే ఈశాన్యంలో ఉంది" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, పంతులుగారిని కనుక్కుని చెప్తాలే" అంది. పంతులుగారు ఇంకా చెప్పలేదు.

స్థలం ఒక ఙాన్. అంటే 400 చదరపు మీటర్లు, మన లెక్కలో పది సెంట్లకు పిసరంత తక్కువ. మన అక్షరమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న 'ఙ'కు ఇక్కడ చేతినిండా పని. చిత్రమేమిటంటే థాయ్‌లో 'ఙాన్' అంటే 'పని' అని కూడా అర్థం. నేను స్థలం కొన్నాననుకున్నాను, నిజానికి కొన్నది పని.

కొన్నాను అనకూడదు, క్షమించాలి. విదేశీయుడు కొనడానికి వీల్లేదని 1954 నాటి మీ ల్యాండ్ కోడ్ చెప్తుంది. ఒక సందు ఉంది: నాలుగు కోట్ల బాత్‌లు ఈ దేశంలో పెట్టుబడి పెట్టి, మంత్రిగారి అనుమతి తెచ్చుకుంటే, ఒక రాయ్ వరకు, అంటే మా ఙాన్‌లు నాలుగు, ఇల్లు కట్టుకోవడానికి ఇస్తారు. 2022 అక్టోబరులో ఈ రూలును కాస్త సడలిద్దామని క్యాబినెట్ అనుకుంది. దేశాన్ని అమ్మేస్తారా అని గోల లేచింది, నవంబరుకల్లా వెనక్కి తీసుకున్నారు. నా దగ్గర నాలుగు కోట్ల బాత్‌లు లేవు కాబట్టి అక్టోబరులో సంతోషించలేదు, నవంబరులో ఏడవలేదు.

ఇంతకీ నన్నిక్కడ ఏమంటారో మీకు తెలుసు. తెల్లవాడైతే ఫరాంగ్. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా విమానాలు ఉదోన్ నుంచే ఎగిరేవి, అప్పటి నుంచీ ఈ జిల్లాకు ఫరాంగ్ అల్లుళ్ళు కొత్త కాదు. నాలాంటివాడు మాత్రం ఖేక్. ఖేక్ అంటే అతిథి. ఎంత మర్యాద! మొదట్లో పొంగిపోయాను. అతిథి దేవో భవ అని చదువుకున్నవాళ్ళం కదా. అతిథికి అన్నం పెడతారు, చాప వేస్తారు, పట్టా ఎవరైనా రాస్తారా అన్న లాజిక్ తర్వాత వెలిగింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మావాళ్ళు. మీ దగ్గర వరస తిరగబడింది. ముందు పెళ్ళి, ఆ తర్వాతే ఇల్లు. రిజిస్ట్రేషన్ రోజున మా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒక కాగితం మీద సంతకాలు పెట్టించారు. ఈ భూమి కొన్న డబ్బు మొత్తం భార్య సొంత ఆస్తి, 'సిన్ సువాన్ తువా', ఇందులో భర్తకు నయాపైసా లేదు అని దాని సారాంశం. ఆ డబ్బు తెనాలి దగ్గర మా నాన్న నా వాటాకిచ్చిన ప్లాటు అమ్మగా వచ్చింది. ముందురోజు సాయంత్రమే ఆవిడకు ఇచ్చేశాను, కాబట్టి రాసిన దాంట్లో అబద్ధమేమీ లేదు. పెన్ను మాత్రం రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆఫీసరే నా చేతిలోంచి తీసుకుని, విదిలించి, మళ్ళీ ఇచ్చాడు. సిరా అయిపోయిందనుకున్నాడు పాపం.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేశాడు.

"రిజిస్ట్రేషన్ అయిందిట్రా?"

"అయింది నాన్నా."

"ఎవరి పేరున?"

"కోడలి పేరున."

"నీ పేరు ఎక్కడా లేదా?"

"ఇంటి ప్లాన్ పర్మిషన్ నా పేరుమీదే నాన్నా."

"నేల ఆ అమ్మాయిది, ఇల్లు నీది. అయితే గాల్లో కడుతున్నావట్రా?"

నాన్న తెలియక అన్నా, మీ సివిల్ కోడ్ అక్షరాలా అదే అంటుంది. నాలాంటివాళ్ళకు ఇచ్చే ఒక హక్కు పేరు 'నేలకు పైన హక్కు'. గాలిలో హక్కు అన్నమాట. ఇంకోటి 'సిత్ కెప్ కిన్'. ముక్కస్య ముక్కగా చెప్పాలంటే ఏరుకుని తినే హక్కు. నేను బతికున్నన్నాళ్ళూ ఈ నేల మీద ఉండొచ్చు, పండింది ఏరుకుని తినొచ్చు, పోయిన రోజున హక్కూ పోతుంది. లేదూ, లీజు కావాలంటే గరిష్ఠంగా 30 ఏళ్ళు, ఆ పైన ఎంత రాసుకున్నా 30కే కత్తిరిస్తారు. నాకిప్పుడు 46. 76వ ఏట, మోకాళ్ళు అరిగాక, సొంత పెళ్ళాంతో లీజు రెన్యువల్ మాట్లాడటం ఊహించుకుని, ఏరుకు తినడమే నయమనుకున్నాను. కొన్ని ఆఫీసుల్లో భార్యాభర్తల మధ్య ఇది రాయనే రాయరు. మా దగ్గర రాశారు.

ఎక్కడ రాశారో మీకు తెలుసు. మీ వీపు మీద. మా దగ్గర ఆస్తికి ఈసీ విడిగా తీయించుకోవాలి. మీరు మాత్రం మీ జాతకమంతా వెనకవైపు గళ్ళలో రాయించుకుని తిరుగుతారు. ఆ గళ్ళలో ఒకదాంట్లో నేనున్నాను. నా ఇంటిపేరును థాయ్ అక్షరాల్లో కుక్కగా కుక్కగా చివరి అక్షరం గీత దాటింది.

పోనీ అదన్నా గట్టిదా? సెక్షన్ 1469 ప్రకారం భార్యాభర్తలు కాపురం చేస్తూ రాసుకున్న ఒప్పందాన్ని ఇద్దరిలో ఎవరైనా ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. విడాకులయ్యాక కూడా ఏడాది దాకా టైముంది. ఇది చదివిన రోజు నుంచి ఇంట్లో గిన్నెలు నేనే తోముతున్నాను. శుభం పలకరా మంకెన్నా అంటారని తెలుసు గానీ ఇదీ చెప్పాలి: ఆవిడకేమన్నా అయి భూమి నాకు వారసత్వంగా వచ్చినా, ఎక్కువలో ఎక్కువ ఏడాదిలో అమ్మేయాల్సిందే. ఏడుపు ఆపుకుని బ్రోకర్‌ని వెతుక్కోవాలి.

ఇక మట్టి సంగతి. మాది వరిపొలం అంచు. వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి ముందు మట్టి పోసి నేల లేపాలి. పది చక్రాల లారీలు వారం రోజులు తిరిగాయి. మా మామగారు మామిడిచెట్టు నీడలో చుట్ట కాలుస్తూ ఒక్కో లారీకి నేల మీద ఒక్కో గీత గీశాడు. సాయంత్రం లారీవాడి లెక్కకూ ఆయన లెక్కకూ రెండు గీతలు తేడా వచ్చింది. చూస్తే ఒక కోడి గీతల మీద నుంచి నడిచి వెళ్ళింది. కోడిని తప్పుబట్టలేక రెండు లారీల డబ్బు నేనిచ్చాను. ఆ తర్వాత ఒక వానాకాలమంతా ఆగాలి, మట్టి కూర్చోవాలి. నేనూ కూర్చున్నాను. వర్షాలు తగ్గేసరికి జానెడు దిగింది. అప్పుడు తట్టింది, డబ్బు పెట్టి నేను పోయించిన మట్టి కూడా మీ కిందికే చేరిందని. మిమ్మల్ని లావు చేసింది నేనే స్వామీ.

పునాది రోజున అనుకున్నాను, ఇక్కడైనా నాకు మాట చెల్లుతుందని. శంకుస్థాపనలు చూసిన వంశం మాది. కానీ మొదటి స్తంభం నిలబెట్టే తంతు, 'సావ్ ఎక్', మాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. భూమిలో నాగుడు ఏ దిక్కుకు తలపెట్టి పడుకున్నాడో చూస్తారు, మంగళకరమైన తొమ్మిది రకాల కర్ర ముక్కలు గోతిలో వేస్తారు, స్తంభానికి అరటి పిలకా చెరుకుగడా కడతారు. ముహూర్తం 9 గంటల 9 నిమిషాలు. తొమ్మిదిని 'కావ్' అంటారు, ముందడుగు అనే మాటా అలాగే పలుకుతుంది. నేను తాడు పట్టుకుని లాగాను. మీరు కాగితం మీద గరుడుడు, నేల కింద వాళ్ళ నాగుడు. కద్రువా వినతల తగవు నా పునాదిలో ఇంకా నడుస్తోందని ఎవరికి చెప్పను? మొన్న బాత్రూంలోకి వచ్చిన పామును మీరు బీరువాలోంచి చూస్తూ ఊరుకున్నారు కూడా. మా అత్తగారు చీపురు పట్టుకుని వచ్చింది, చంపడానికి కాదు, మర్యాదగా దారి చూపడానికి.

మేస్త్రీల గురించి పెద్దగా చెప్పను. నాట్లకు వెళ్ళారు, కోతలకు వెళ్ళారు, ఏప్రిల్ 13న సొంగ్‌క్రాన్ అనే కొత్త సంవత్సరం పండక్కి నీళ్ళు చల్లుకోవడానికి వెళ్ళి నెలాఖరుకు తడి ఆరాక వచ్చారు. మా తెనాలి పక్కనైనా అంతే. ఇందులో మీ తప్పేం లేదు.

నన్ను బాగా కుళ్ళబెట్టింది ఫ్రా ఫూమ్. భూమి దేవుడు. ఆయనకు వాకిట్లో, కాలు మీద నిలబడ్డ చిన్న గుడి కట్టాలి. తెల్లబట్టల ఫ్రామ్, అంటే మీ బ్రాహ్మణుడు, వచ్చి ఒక్క పూటలో ప్రతిష్ఠ చేసి వెళ్ళాడు. నా ఇంటికి పద్నాలుగు నెలలు పట్టింది, ఆయన గృహప్రవేశం పదకొండింటికల్లా అయిపోయింది. పైగా మా ఇంటి నీడ ఆయన గుడి మీద పడకూడదట. దానికోసం కారు షెడ్డు జరిపించాం. రోజూ దండ, అగరొత్తి, స్ట్రా వేసిన ఎర్ర ఫాంటా. ఆయనను వీసా అడిగినవాడు లేడు.

నేను మాత్రం 90 రోజులకోసారి, నేనిక్కడే ఉన్నాను మహాప్రభో అని ఇమిగ్రేషన్‌కు చెప్పుకోవాలి. ఇంట్లో విదేశీయుడు దిగితే ఇంటి యజమాని 24 గంటల్లో తెలియజేయాలి. యజమాని అంటే మా ఆవిడ. నేను ఇండియా వెళ్ళొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆవిడ ఫోన్లో ఫారం నింపుతుంది. "ఎన్నాళ్ళుంటారు?" అని గళ్ళు చదువుతూ నవ్వుతుంది. ఇంటి రిజిస్టర్ పుస్తకం ఆవిడది నీలం రంగు, నాది పసుపు. పసుపు మంచిదే లెండి, శుభసూచకం.

మా ఊళ్ళో ఇల్లరికపుటల్లుడికి ఒక హోదా ఉండేది. మామ కట్టిన ఇంట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. ఇల్లు తనే కట్టించుకుని మరీ ఇల్లరికం వచ్చినవాణ్ణి నన్నే చూస్తున్నాను.

ఇదంతా ఒక రాత్రి మా ఆవిడ ముందు వెళ్ళబోసుకున్నాను. నిమ్మకాయ పిండుతూ విన్నది. విని, "సరే, మీ తెనాలి పక్కన ఒక ఎకరం పొలం నా పేరున కొందాం పద" అంది. ఏముంది, కొందాం అన్నాను. పౌరుషంగా ఫోన్ తీసి వెతికాను. విదేశీ పౌరురాలికి ఇండియాలో వ్యవసాయ భూమి కొనే వీలు లేదు. ఫోన్ పక్కన పెట్టేశాను. ఆవిడ ఏమీ అడగలేదు, సోమ్‌తమ్‌లో, అంటే పచ్చి బొప్పాయి సలాడ్‌లో, ఇంకో రెండు మిరపకాయలు ఎక్కువ దంచింది. నేనూ మీమీద కేసు పెట్టే ఆలోచన మానుకున్నాను. ఇది ఫిర్యాదు కాదు, విన్నపం అని పైన రాయాల్సింది.

ఒక్కటే అడుగుతాను. మట్టి కుదురుకోగానే ఒక అంటు మామిడి మొక్క నాటాను, నామ్ డొక్ మాయ్ రకం. ఈ ఏడే కాపుకొచ్చింది. మీ వీపు మీద నాకు రాసిచ్చిన హక్కును ఒక్కసారైనా చెలాయించాలని మొదటి కాయ రాలేదాకా కొయ్యకుండా కాచుకున్నాను. నిన్న పొద్దున దబ్ అని చప్పుడైంది. చెప్పులు వెతుక్కుని వెళ్ళేసరికి చెట్టు కింద ఏమీ లేదు. వంటింటి అరుగు మీద మా అత్తగారు అప్పటికే చెక్కు తీసి ముక్కలు కోసి, తియ్యటి చేప సాస్ గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. మంచి ముక్కలు రెండు ఏరి నా చేతిలో పెట్టింది.

తిన్నాను, బాగుంది. ఏరుకోవడం సంగతి మాత్రం మీరు కాస్త చూడాలి.

ఇట్లు,
మీ వీపు మీద, నాలుగో గడిలో, గీత దాటిన పేరు గలవాడు