మహారాజశ్రీ సెల్లార్ గచ్చు గారికి

అయ్యా,

తమరు క్షేమమేనని నాకు తెలుసు, ఇందాకటిదాకా తమరి మీదే మోకాళ్లూని కూర్చున్నాను. వేసి రెండు నెలలైనా కాని లామినేట్ పలకల్ని పదకొండు వరసలు ఊడదీశాను. మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడింది.

అడుగేస్తే టక్కుమంటోందేమిటా అని వంగి చూస్తే అతుకుల దగ్గర అంచులు ఉబ్బి ఉన్నాయి. అరచేత్తో నిమిరితే వరసవరసకీ ఓ గట్టు. పలక తిరగేస్తే, చెక్క పీచు నొక్కి చేసిన ఆ అట్ట నీళ్లు తాగి మెత్తబడి, గోరు గుచ్చితే దిగిపోతోంది (పైన కనిపించేది ఎలాగూ చెక్క ఫొటోనే). పలకల కింద మెత్తగా పరిచిన ఫోమ్ ఎత్తితే కింద తమరు, నల్లగా, చెమ్మగా.

పరిచే ముందు తమరిని తడిమి చూశాను కదండీ! పొడిగా, చల్లగా, పెద్దమనిషిలా ఉన్నారు. ప్లాస్టిక్ షీటు ముక్కని చుట్టూ టేపు వేసి నేలకి అతికించి, కనీసం 24 గంటలు ఆగి, అడుగున తడి చేరిందేమో చూడమంటారు. నేను ఆగలేదు. ఫోమ్ ఉందిగా, మళ్లీ దాని కింద తడి ఆపే పాలిథిన్ షీటు దేనికి, దండగ అనుకున్నాను. అది నా తప్పే. కానీ అడుగు మట్టిలోంచి తడి పీల్చి ఆవిరిగా పైకి వదలడం తమరికి రోజూ ఉన్న పనే అయినప్పుడు ఒక్క మరకైనా చూపించొద్దా? పైన ఏమీ లేనన్నాళ్లూ అది గాలిలో కలిసిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. నేను మూత పెట్టాను, దొరికిపోయాను.

అన్నిటికన్నా ఒళ్లు మండేది ఇక్కడ. ఆ పలకలకి గది గాలి అలవాటు కావాలని 48 గంటలు డబ్బాల్లోనే పడుకోబెట్టి, రోజుకి రెండుసార్లు వెళ్లి చూసుకున్నాను. అవి ఆ మూల పడుకున్నప్పుడే ఈ మూల ఓ ప్లాస్టిక్ ముక్క అతికించి ఉంటే రెండు పనులూ ఒకేసారి అయిపోయేవి. ఈ తెలివి నాకు ఇవాళ నాలుగో వరస పీకుతుంటే వచ్చింది.

తమరి ఎత్తుపల్లాల గురించి మాట్లాడను. మూడు మీటర్లకి 5 మిల్లీమీటర్ల తేడా మించకూడదంటే తమరు ఏకంగా లోయే చూపించారు, లెవెలింగ్ సిమెంట్ పోసి పూడ్చాను. ఆఖరి వరసకి రెండు వేళ్ల వెడల్పు ముక్క కోయించింది కూడా వదిలేస్తున్నా. గోడల పక్కన 10 మిల్లీమీటర్ల సందు మాత్రం బుద్ధిగా వదిలానండీ, ఏం లాభం, ఉబ్బు పక్కలకి కాకుండా పైకి వచ్చింది. వారంటీ కాగితం తీశాను. తడి వల్ల పాడైతే వర్తించదట. నువ్వసలు గచ్చువా, బావివా?

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. పలకలు పోయాయి, ఫోమ్ పోయింది, నా నడుం పోయింది, నీకు మాత్రం ఏమీ కాలేదు.

మూడు చోట్ల ప్లాస్టిక్ అతికించాను. గోడ వారగా ఒకటి, మధ్యలో ఒకటి, మెట్ల కింద ఒకటి. ఈసారి 24 కాదు, 72 గంటలు కూర్చుంటా.

ఇట్లు,
మెట్లు కూడా కూర్చుని దిగుతున్న మనిషి

తా.క. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. మెట్ల కింద దానికి లోపలివైపు అప్పుడే చుక్కలు పట్టాయి.