కుందేలు చెవి పట్టుకుని జ్వరమని తేల్చేసేవారికి

చెన్నై పెరంబూరులో మేముంటున్న అపార్ట్‌మెంటులో ఏ పిల్లకు ఒళ్ళు వెచ్చబడినా ముందు నుదుటి మీద చెయ్యి వేస్తారు, తరవాత థర్మామీటరు పెడతారు, అంకె 98.6 దాటి పైకి పోతే తడిగుడ్డ వేస్తారు. మనుషుల విషయంలో ఈ పద్ధతి మీద నాకే అభ్యంతరమూ లేదు. ఇదే పద్ధతిని మా ఇంటి కుందేలు చిట్టి మీద ప్రయోగించి దాన్ని దాదాపు చంపినంత పని చేశాను కనుక, కుందేళ్ళను పెంచుకుంటున్న తెలుగువాళ్ళ కోసం ఈ పోస్టు కాస్త కటువుగానే రాస్తున్నాను.

పోయిన మే నెల, కత్తిరి ఎండలు మండిపోతున్న రోజులు. రాత్రి పడుకోబోయే ముందు చిట్టి చెవులు మా అమ్మాయి పట్టుకుని చూసి, "అమ్మా, కాలిపోతున్నాయి" అంది. కుందేలుకు తోక కింద కొలవాలని మాత్రం నాకు తెలుసు. కొలిస్తే 102.4 వచ్చింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. దాన్ని కొన్న దుకాణానికి ఫోన్ చేస్తే, యజమాని అంకె వినీ వినకముందే "జ్వరమేనమ్మా, తడి తువ్వాలు చుట్టండి, పొద్దున వస్తే మందు సీసా ఇస్తాను" అన్నాడు. రాత్రంతా తడి తువ్వాలు మార్చి మార్చి చుట్టాను. పైన ఫ్యాను, ఎదురుగా ఏసీ. తెల్లవారుజామున మళ్ళీ కొలిస్తే సరిగ్గా 98.6. ఆ అంకె చూసి దేవుడి పటానికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఒంటి వేడి 101.3 నుంచి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. అంటే 102.4 ఉన్న రాత్రి చిట్టికి జ్వరమే లేదు. నేను దణ్ణం పెట్టుకున్న తెల్లవారుజామున మాత్రం అది చల్లబడిపోయి, చావుబతుకుల మధ్య ఉంది. ఒళ్ళు కాలడం కంటే ఒళ్ళు చల్లబడడమే కుందేలుకు ఎక్కువ ప్రమాదమని ఆ తరవాత తెలుసుకున్నాను. వైద్యానికి తెచ్చిన కుందేళ్ళ ఉష్ణోగ్రతలను పరిశీలించి 2016లో ఒక అమెరికన్ పశువైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒళ్ళు చల్లబడి వచ్చినవాటికి మిగతావాటితో పోలిస్తే చనిపోయే ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువ. జ్వరం పేరు చెప్పి తడిగుడ్డ చుట్టే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన సంగతి ఇది.

అసలు జబ్బు ఇంకొకటి, దాని గుర్తు నా కళ్ళ ముందే ఉంది. సాయంత్రం వేసిన కొత్తిమీర కట్ట పళ్ళెంలోనే వడలిపోయి ఉంది. దాన్ని చూశాను, ఎండకి తినలేదులే అనుకుని తీసి పారేశాను కూడా. పొద్దున మేము వెళ్ళిన పశువైద్యురాలు జ్వరం సంగతి అడగనే లేదు. "ఎప్పటి నుంచి తినడం లేదు? పెంటికలు చివరిసారి ఎప్పుడు వేసింది?" అని రెండే ప్రశ్నలు వేశారు. రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముందు దాన్ని వెచ్చబరిచి, చర్మం కిందికి సెలైన్ ఎక్కించి, నొప్పి తగ్గే మందు ఇచ్చి, కాస్త తేరుకున్నాక నోరు తెరిచి చూస్తే, కింది దవడ పన్ను ఒకటి ముల్లులా పెరిగి నాలుకను కోస్తోంది. కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి చాలినంత నమలకపోతే ఇలా మొనదేరతాయి. నొప్పికి తిండి మానేసింది, తిండి మానేసేసరికి పేగుల కదలిక మందగించింది. ఆ పైన రాత్రంతా నా సేవ.

అందుకే నా అభిప్రాయం ఇది: కుందేలు విషయంలో మొదట చూడవలసింది చెవులనూ కాదు, థర్మామీటరునూ కాదు, పళ్ళాన్నీ పెంటికలనూ. 12 గంటల పాటు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసరమే, ఒళ్ళు ఎంత వేడిగా ఉన్నా లేకున్నా. మూలన ముడుచుకుని కూర్చోవడం, పళ్ళు గట్టిగా కొరకడం, పిలిచినా కదలకపోవడం బాధకు గుర్తులు. వేటాడే జంతువులకు ఆహారమయ్యే జీవి కనుక కుందేలు తన నొప్పిని వీలైనంత దాచుకుంటుంది. మనకు కనబడిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

ఇక చెవుల సంగతి. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లోని వేడిని ఆ పెద్ద చెవుల్లోని రక్తనాళాల ద్వారా బయటికి పంపుకుంటుంది. చెన్నై ఎండాకాలంలో చెవులు వేడెక్కాయంటే చాలాసార్లు అవి తమ పని తాము చేస్తున్నాయన్న మాట. నిజంగా జ్వరం ఎక్కుతున్నప్పుడు శరీరం వేడిని లోపలే దాచుకుంటుంది కనుక చెవులు చల్లగా కూడా ఉండవచ్చు. ఈ మాట దుకాణం యజమానికి తరవాత చెప్పి చూశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెత ఆయన కోసమే పుట్టినట్టుంది: ఇరవై ఏళ్ళుగా చెవి పట్టుకునే జ్వరం చెబుతున్నాడట.

జ్వరానికీ వడదెబ్బకూ తేడా తెలియకపోవడం ఇంకో అనర్థం. పంటి వేరులోనో, గర్భసంచిలోనో, ఊపిరితిత్తుల్లోనో చీము చేరి, శరీరమే తన వేడిని పెంచుకుంటే అది జ్వరం. 104 దాటి స్థిరంగా ఉంటే వైద్యుడికి చూపించి కారణం వెతకాలి, పైన నీళ్ళు చల్లితే లోపలి చీము తగ్గదు. (ప్రయాణం చేసినా, కుక్క మొరిగి భయపెట్టినా కుందేలు వేడి కాసేపు పెరుగుతుంది, అది వేరే సంగతి.) వడదెబ్బ బయటి నుంచి వచ్చేది. మూసిన బాల్కనీలో, రేకుల కింద, ఉక్కపోతలో పంజరం పెడితే వస్తుంది. చెవులు ఎర్రబడతాయి, చొంగ కారుతుంది, తూలుతుంది. కుందేలు ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. నోరు తెరిచి ఎగపోస్తోందంటే ఒక్క నిమిషం కూడా వృథా చేయరాదు. నీడలోకి తెచ్చి, చెవులను చల్లని నీళ్ళతో తడుపుతూ, గాలి తగలనిస్తూ వైద్యుడి దగ్గరికి బయలుదేరాలి. ఐసు నీళ్ళ బకెట్‌లో ముంచితే ఆ అదురుకే ప్రాణం పోవచ్చు.

దుకాణంలో ఇస్తామన్న సీసా సంగతీ చెప్పాలి. మర్నాడు తెచ్చి డాక్టరుగారికి చూపిస్తే, అది పసిపిల్లలకు వాడే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్. నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి, విషం పుట్టించే క్రిములకు చోటిచ్చే మందుల్లో అది ఒకటి. క్లిండమైసిన్ కూడా అంతే. ఒక్క సీసాతో పోయిన కుందేళ్ళ చావును యజమానులు జ్వరం ఖాతాలోనే రాసుకుని ఉంటారని నా అనుమానం. పక్కింటి పిన్నిగారు ప్రేమగా తెచ్చిచ్చిన పారాసిటమాల్ చుక్కలు కూడా వెయ్యలేదు. మోతాదు కుందేలు బరువును బట్టి వైద్యుడు చెప్పవలసిందే తప్ప, మన ఊహతో వేసేది కాదు. పొట్ట బిగుసుకుని ఉబ్బి ఉంటే సిరంజితో బలవంతంగా తినిపించడం కూడా ప్రమాదమే.

కొలవడం నేర్చుకోవడం మాత్రం అవసరమే, కాకపోతే ఇద్దరుండాలి. ఒకరు తువ్వాలు చుట్టి వెనక కాళ్ళను గట్టిగా ఆనించి పట్టుకోవాలి. కుందేలు ఒక్కసారి గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరగవచ్చు. వేసలీన్ రాసిన డిజిటల్ థర్మామీటరు మొనను సెంటీమీటరుకు కాస్త పైగా, నెమ్మదిగా లోపలికి పెడితే చాలు. నలతగా ఉన్న రోజే కాక, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో నాలుగైదు సార్లు కొలిచి రాసి పెట్టుకోవాలి. మా చిట్టిది పొద్దుటి పూట 101.8, 102.3 మధ్య ఉంటుందని ఇప్పుడు నాకు తెలుసు. ఈ కాగితం ముందే ఉండి ఉంటే ఆ రాత్రి ఫోన్ చేసి ఉండేదాన్ని కాదు.

వేపేరిలో 1903 నుంచి పశువైద్య కళాశాల నడుస్తున్న నగరంలో ఉంటూ, మనం కుందేలు జబ్బు గురించి పంజరాలు అమ్మేవాణ్ణి అడుగుతున్నాం. అందులో మొదటి ముద్దాయిని నేనే. కుక్కలను చూసే డాక్టర్లందరూ కుందేళ్ళను చూడరు కనుక, జబ్బు రాకముందే మీ దగ్గరలో నాలుగు చోట్లకు ఫోన్ చేసి, కుందేళ్ళను చూస్తారా, రాత్రి పూట ఎవరైనా ఉంటారా అని అడగండి. ఉంటారని చెప్పిన నంబరును పంజరం మీదే అంటించండి.